సోపాధిక భూదానము – ప్రత్యావర్తనాధికారము
(వికారాబాదు, తాండూరు సీమల భూపట్టాలను గూర్చిన విచారణము)

భూమి నొకరికిచ్చుట రెండు తెఱంగుల జరుగును. దాత తన స్వామ్యమునంతయు విడిచి పుచ్చుకొనువానికి ధారపోయుట యొకటి. ఇంతకాలమే యనుభవింపవలెనని గాని, ఈ పని చేయవలెనని గాని, ఇతరులకు విక్రయింపరాదని గాని యొక కట్టుబాటు పెట్టి యిచ్చుట రెండవది. మొదటిదానితో దాతకు భూమితోడి సంబంధము తీరిపోవును. రెండవదానిలో ఆవును దానమిచ్చి పలుపుకొన చేత బట్టుకొన్నట్లు దాతకు గొంత యధికారము మిగిలియుండును. ఆ కట్టుబాటునకు ఉపాధి యని పేరు; వ్యవహారమున షరతు అందురు. షరతు తప్పినపుడు గాని, గడువు తీరినపుడు గాని భూమి యిచ్చినవానికి మరలి చేరుట ప్రత్యావర్తనము. దానంతట నది మరలక, దాత యుత్తరువు చేసి తిరిగి తీసికొనవలసి వచ్చినచో పునర్గ్రహణము.

ఈ మూడు మాటల భేద మెఱుంగనిదే తెలంగాణపు భూపట్టాలలో సగము బోధపడవు. వికారాబాదు, తాండూరు ప్రాంతము లిందుకు మంచి యుదాహరణములు. మూసీనది పుట్టిన అనంతగిరి కొండల ప్రక్క వికారాబాదు కలదు. అచ్చటికి పడమట, కాగ్నానది సీమలో, నాపఱాతికిని కందిపంటకును పేరుగన్న తాండూరు కలదు. తాండూరు తాలూకా 1956 వఱకు గుల్బర్గా జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున కొడంగల్లుతోపాటు ఆంధ్రప్రదేశమున జేరినది. 2016లో వికారాబాదు జిల్లా యేర్పడినపుడు రెండు పట్టణములును ఒక్క జిల్లాలోనికి వచ్చినవి. పారసీకము, ఉర్దూ, మరాఠీ, కన్నడము, తెలుగు కలిసిన యీ సీమలో భూమికి సంబంధించిన మాటలును అట్లే కలగాపులగముగా నున్నవి. ఒక్కొక్క మాట వెనుక నొక్కొక్క షరతు దాగియున్నది.

ధర్మశాస్త్రమున షరతు

షరతుతో నిచ్చుట తురుష్కుల కాలమున గాని ఆంగ్లేయుల కాలమున గాని పుట్టిన క్రొత్త యాచారము కాదు. ధర్మశాస్త్రములలో పదునెనిమిది వ్యవహారపదములు చెప్పబడినవి. వానిలో ఇచ్చినదానిని మరల గైకొనుటను గూర్చినది యొకటి. దీనికి దత్తాప్రదానిక మని పేరు. నారదుడు దీనిని అదేయము, దేయము, దత్తము, అదత్తము అని నాలుగుగా విభజించెను. ఇందు అదత్త మనగా చేతులు మారియు ఇయ్యనిదానితో సమానమైనది. భయమున నిచ్చినది, కోపమున నిచ్చినది, పరిహాసమున నిచ్చినది, మత్తుడై యిచ్చినది మున్నగునవి యిట్టివి. ఆ పట్టికలోనే, ఇతడు నాకీ పని చేయునను ప్రతిఫలాపేక్షతో నిచ్చినదియు గలదు. అనగా పని నపేక్షించి యిచ్చిన సొమ్ము, పని జరుగనిచో దాతకు మరలుననుట. సోపాధిక దానమునకు మన శాస్త్రమున బీజ మిచ్చటనే యున్నది.

ఈ నారదవచనములను గ్రహించి వ్యాఖ్యానించిన మితాక్షర పుట్టినది తాండూరు సీమకు మిక్కిలి దూరము కాని కల్యాణనగరమున. విజ్ఞానేశ్వరుడు చాళుక్య షష్ఠ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున నచ్చట నుండి ఆ గ్రంథమును రచించెను. రాజు భూమి నిచ్చునపుడు, ముందు రాబోవు రాజులకు దెలియుటకై పటముమీదనో రాగిరేకుమీదనో వ్రాయించి ముద్ర వేయవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ఆ విధి గమనింపదగినది. వ్రాత ప్రతిగ్రహీత కొఱకు మాత్రమే కాదు. రేపు తిరిగి లాగికొనదలచు రాజునకు అడ్డుకట్ట కూడ నదియే. తామ్రశాసనములలో ఆచంద్రార్కము, పుత్రపౌత్ర పారంపర్యము, సర్వకర పరిహారము అను మాటలు అలంకారము కొఱకు వేసినవి కావు. ఇది షరతులేని దానమని, దాతవంశమునకు ప్రత్యావర్తనాధికారము లేదని తెల్పు వ్యవహార పదములవి. చివర నుండు శాపవచనములకును ఇదియే ప్రయోజనము.

జాగీరు, పాయిగా

నిజాముల పాలనమున దీనికి విపరీతమైన పద్ధతి ప్రబలినది. జాగీరు అను పారసీకపదమునకు స్థానమును బట్టియుండుట యని యర్థము. జాగీరుదారు భూమి యాదాయమును అనుభవించువాడేగాని దాని నమ్ముటకు స్వతంత్రుడు కాడు. అతడు మరణించినపుడు జాగీరు ప్రభువునకు మరలినట్లే. కుమారుడు అనుభవింపవలెనన్న విచారణ జరిగి క్రొత్త యుత్తరువు పుట్టవలెను. వారసత్వము వాడుకలో నుండెనేగాని, న్యాయదృష్టిలో ప్రతి తరమునకును భూమి యొకసారి దాతచేతికి పోయి వచ్చుచుండెను.

వికారాబాదు పేరే యిందుకు సాక్షి. ఈ పేరునకు సంస్కృత వికార శబ్దముతో సంబంధము లేదు. వఖార్ అను అరబీ మాటకు గౌరవము, గాంభీర్యము అని యర్థము. 1893 మొదలు 1901 వఱకు హైదరాబాదు రాజ్యమునకు ప్రధానమంత్రిగా నుండి, ఫలక్‌నుమా సౌధమును గట్టించిన నవాబు వికారుల్ ఉమరా పేర ఈ పట్టణము వెలసినదని ప్రసిద్ధి. ఆయన పాయిగా వంశీయుడు. గుఱ్ఱపుసాల, పదవి యను నర్థములు గల పారసీకపదము నుండి యీ పేరు వచ్చినది. నిజాము రక్షణకై అశ్వసేనను పోషింపవలెనను షరతుతో ఆ వంశమువారికి భూము లీయబడెను. కాలక్రమమున సేన యావశ్యకత తగ్గినను భూములు నిలిచినవి. సేవ పోయి షరతు మాత్రము వ్రాతలో మిగులుట సోపాధిక స్వామ్యమున దఱచుగా గాన్పించు విచిత్రము.

1949 ఆగష్టు 15న జాగీరుల రద్దు శాసనము వెలువడినది. జాగీరులన్నియు ప్రభుత్వపు దివానీ భూములలో గలిసినవి. జాగీరుదారులకు సంపూర్ణస్వామ్య మున్నచో నిది మరియొక రూపము దాల్చియుండెడిది. వారిది మొదటినుండియు మరలదగిన హక్కగుటచేతనే, భూమి మూల్యము గాక, ఆదాయమును బట్టి కొంతకాల మిచ్చెడి పరిహారముతో వ్యవహారము తీరినది. అనగా పలుపుకొన దాత చేతిలోనే యుండినది. అప్పు డది లాగబడినది.

ఇనాములు

జాగీరుకంటె చిన్నవి ఇనాములు. దేవాలయమునకు, మసీదునకు, విద్వాంసునకు, ఊరిసేవకునకు ఇచ్చిన భూములివి. చెఱువునీటిని పంచు నీరడికిచ్చిన మాన్యము, బలూతాదారుల మాన్యము సేవాషరతు గలవి. సేవ చేసినంతకాలమే యనుభవము. ఇనాముదారునకును ప్రభుత్వమునకును నడుమ నీ పలుపు నడచుచుండగా, పొలము దున్నువాడు మరియొకడుగా నుండెను. కావున భూమి దాతకు మరలినచో దున్నువాని గతి యేమను ప్రశ్న పుట్టెను.

హైదరాబాదు ఇనాముల రద్దు శాసనము (1955లో 8వది) దీనికి సమాధానము చెప్పినది. 1955 జూలై 20వ తేదీన ఇనాములు ప్రభుత్వమున నిహితము లైనట్లు ఎంచబడినవి. కాని ప్రభుత్వము వానిని తనయొద్ద నుంచుకొనలేదు. ఇనాముదారు స్వయముగా సాగుచేసికొనునది యతనికి, కాబిజె ఖదీము అనబడు ప్రాచీనానుభవదారు సాగుచేయునది యతనికి, శాశ్వత కౌలుదారు, రక్షిత కౌలుదారు మొదలగువారు సాగుచేయునది వారివారికి అనుభవదారీ హక్కుపత్రముతో మరల నిచ్చుటకు విధించినది. ఈ శాసనములోని ముఖ్యభాగములు 1973లో గాని యమలునకు రాలేదు. అయినను తత్త్వము విశదమే. ఇందు ప్రత్యావర్తనము దాతను ధనికుని జేయుటకు గాదు; దున్నువానిని చేరుటకు భూమి త్రొక్కిన మెట్టు మాత్రమే.

ప్రజలలో నొక న్యాయము, ప్రభుత్వమునకు నొకటి

షరతుగల స్వామ్యము ప్రపంచమున నంతటను చిక్కులు పెట్టినదే. ఇంగ్లండులో 1285 నాటి సోపాధిక దానశాసనము, దాత వ్రాసిన షరతు నెఱవేరవలసినదే యనియు, గ్రహీత సంతతి యంతరించినచో భూమి దాతకు మరలవలసినదే యనియు నిర్ణయించెను. దానివలన భూములు తరతరములు బిగిసిపోగా, 15వ శతాబ్దమునాటికి న్యాయవాదులు ఆ ముడిని విప్పు నుపాయములను కనిపెట్టిరి. ఆ దేశపు న్యాయశాస్త్రము రెండు హక్కులను వేఱుపఱచినది. భూమి పాఠశాలగా నున్నంతకాలము నీది యన్నచో, పాఠశాల పోయిన క్షణమున భూమి దానంతట మరలును. భూమి నీది, కాని పాఠశాల నడపనిచో నేను తిరిగి ప్రవేశింతు నన్నచో, దాత ప్రవేశించువఱకు భూమి గ్రహీతదే. చూచుటకు మాటలు సమీపమున నున్నవి. ఫలము లెంతయో దూరము. ప్రత్యావర్తన పునర్గ్రహణములకు గల భేద మిదియే.

మన దేశమున 1882 నాటి ఆస్తి బదిలీ శాసనము వ్యక్తుల నడుమ జరుగు బదిలీలకు హద్దులు విధించినది. 10వ ప్రకరణము ననుసరించి, గ్రహీత యెన్నడును అమ్మరాదను సంపూర్ణనిషేధము చెల్లదు. షరతు పోయి దానము నిలుచును. 31వ ప్రకరణము, ఒక సంఘటన జరిగినచో హక్కు ముగియుననెడి షరతు నంగీకరించును. ఫలానా వృక్షములను నఱకినచో హక్కు పోవునని జీవితకాలమున కిచ్చిన పొలమున, ఆ వృక్షములు నఱకిన గ్రహీతకు హక్కు పోవును. 126వ ప్రకరణము దానములను గూర్చినది. గ్రహీతయు నతని సంతతియు దాతకంటె ముందు గతించినచో పొలము తిరిగి తీసికొందునని యిరువురును సమ్మతించి వ్రాసికొన్నచో అది చెల్లును. నా యిష్టము వచ్చినపుడు తీసికొందు ననుట చెల్లదు. షరతు దాతయిచ్ఛపై గాక బాహ్యమైన యొక సంఘటనపై నాధారపడవలెనని సారాంశము.

కాని 1895 నాటి ప్రభుత్వదానముల శాసనము మఱియొక ద్వారము తెఱచినది. అది రద్దగువఱకు, ప్రభుత్వ మిచ్చు భూములకు పై శాసనము వర్తింపకుండెను. ప్రభుత్వము వ్రాసిన షరతు వ్రాసినట్లు చెల్లుచుండెను. కావున ఇరుగుపొరుగు రైతుల నడుమ చెల్లని అమ్మరాదను మాట, సర్కారు పట్టాలో చెల్లెను. తరువాతి కథయంతయు నీ భేదముపై నిలిచియున్నది.

లావుణి పట్టా

వికారాబాదు, తాండూరు పల్లెలలో లావుణి పట్టా యను మాట నెఱుంగని రైతు లేడు. నాటుట, సాగులోనికి దెచ్చుట యను నర్థము గల మరాఠీ లావణీ శబ్దమే యిది. బీడుగా నున్న సర్కారు భూమిని సాగునకై యిచ్చిన పట్టా యని తాత్పర్యము. 1317 ఫసలీ (1907–08) నాటి హైదరాబాదు భూమిశిస్తు శాసనమును, దాని క్రింద 1950లో ఏర్పడిన లావుణి నియమములును దీనికి మూలము. ఆ నియమముల క్రింద మూల్యము చెల్లించి పొందినవి కొన్ని; బీదలకు ప్రత్యేకముగా నిచ్చినవి కొన్ని. మొదటివానికి సామాన్యముగా విక్రయనిషేధము లేదు. రెండవవానికి కలదు. 1954 నవంబరులో వెలువడిన సర్క్యులరు, 1958 జూలై 25 నాటి 1406 సంఖ్యగల ప్రభుత్వోత్తరువు వచ్చిన పిదప బీదలకిచ్చు పట్టాలలో ఈ షరతు స్థిరపడినది. భూమి వారసులకు సంక్రమించును గాని అన్యాక్రాంతము చేయరాదు. మూడేండ్లలో సాగునకు దేవలెను. తానుగాని తన కుటుంబముగాని సేద్యము చేయవలెను.

కావున ఒకే యూరిలో, ఒకే లావుణి యను పేరున, రెండు స్వభావముల భూములు ప్రక్కప్రక్క నుండవచ్చును. ఒకటి సంపూర్ణస్వామ్యము, ఒకటి పలుపు గలది. తాతనాటి పట్టా ఏ యేటిది, మూల్యము చెల్లించినట్లు వ్రాత యున్నదా, షరతు అందు వ్రాయబడినదా యను మూడు ప్రశ్నలకు వచ్చు సమాధానముపై మనుమని జీవనాధారము నిలిచియుండును. ఒక్క వాక్యము పట్టాలో నున్నదా లేదా యను పాఠనిర్ణయము, ప్రాచీన గ్రంథముల పాఠనిర్ణయముకంటె తక్కువ శ్రమ గలది గాని తక్కువ ఫలము గలది గాని కాదు.

ప్రత్యావర్తనము ఎవరికి?

1977లో 9వ శాసనముగా అసైన్డు భూముల బదిలీ నిషేధ శాసనము వచ్చినది. భూమిలేని బీద యనగా రెండున్నర యెకరముల మాగాణికి గాని అయిదెకరముల మెట్టకు గాని మించి లేనివాడు. అట్టివానికి, అమ్మరాదను షరతుతో నిచ్చిన భూమికి ఈ శాసనము వర్తించును. శాసనమునకు ముందు జరిగిన విక్రయము సైతము జరుగనట్లే యెంచబడును. అట్టి పూర్వవిక్రయములలో, సద్భావముతో మూల్యమిచ్చి కొనినవాడును భూమిలేని బీదయే యైనచో వానికి మినహాయింపు కలదు. ప్రభుత్వమునకు, సహకార సంఘములకు, బ్యాంకులకు పెట్టిన తాకట్టు నీ శాసన మంటదు.

నాలుగవ ప్రకరణమున నీ శాసనపు హృదయమున్నది. షరతు తప్పి భూమి చేతులు మారినచో అధికారి కొనినవానిని తొలగించి, భూమిని మొదట పట్టా పొందినవానికే, అతడు లేనిచో వారసులకే మరల నప్పగింపవలెను. అది సాధ్యము కానిచో మాత్రమే ప్రభుత్వమునకు జేరి వేఱొక బీదకు బోవును. ఒకసారి మరల నిచ్చిన పిదప పట్టాదారు రెండవమాఱు నమ్మినచో భూమి యికమీదట ప్రభుత్వమునకే.

పూర్వపద్ధతితో దీనిని పోల్చిచూడవలెను. జాగీరున షరతు దాత మేలు కొఱకు. తప్పినచో భూమి దాతను జేరును. ఇచ్చట షరతు గ్రహీత మేలు కొఱకు. తప్పినచో భూమి, తప్పినవానినే తొలుత జేరును. పలుపు దాత చేతిలోనే యున్నను, లాగబడిన యావు పోవునది మాత్రము పుచ్చుకొన్నవాని దొడ్డికే. కూతురి పెండ్లికో, వైద్యమునకో, అప్పునకో అగ్గువకు అమ్ముకొన్న బీదను ఆతని చేతినుండియే కాపాడుట దీని యుద్దేశము.

అయితే ఈ రక్షణమునకు మూల్యము లేకపోలేదు. అమ్మజాలని భూమికి బజారున ధర తక్కువ. రిజిస్ట్రేషను శాసనమున 22-ఏ ప్రకరణము చేరిన పిదప అట్టి భూమి దస్తావేజు నమోదే కాదు. అవసరమున నున్నవాడు తెల్లకాగితముపై నమ్మును. కొన్నవాడు అనిశ్చితమున నుండును. వేఱుదిక్కున, ప్రభుత్వమే ప్రజాప్రయోజనమునకై భూమి గోరినపుడు, పట్టాలోని పునర్గ్రహణ షరతును జూపి, పరిహారము నీయక తీసికొనవచ్చునా యను ప్రశ్న వచ్చినది. వికారాబాదునకు తూర్పున హైదరాబాదు మార్గమున నున్న చేవెళ్ల రెవెన్యూ డివిజనుకు జెందిన వ్యాజ్యమున ఆంధ్రప్రదేశ ఉన్నతన్యాయస్థానపు విస్తృత ధర్మాసనము 2004లో దీనిని దేల్చినది. షరతు తప్పని అసైన్డు పట్టాదారునకు సంపూర్ణస్వామితో సమముగా విపణిమూల్యము చెల్లింపవలెనని, పరిహారమును వదలుకొనవలెనను షరతు రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది. షరతు తప్పనివాని విషయమున దాత పలుపును తన లాభమునకై లాగరాదని దీని తాత్పర్యము.

పొరుగున గర్ణాటకమున 1978లో షెడ్యూలు కులములవారికిచ్చిన భూములకై యిట్టి శాసనమే వచ్చినది. 1984లో సుప్రీముకోర్టు దానిని సమర్థించుచు నొక భేదమును జూపినది. షరతు దప్పిన విక్రయము పూర్వన్యాయము ననుసరించి రద్దుచేయదగినదే గాని పుట్టుకతోనే శూన్యము కాదు. కావున క్రొత్త శాసనమునకు మునుపే చిరకాలానుభవముచే స్వామ్యము సిద్ధించినవానిని అది యంటదు. ఇది పునర్గ్రహణమునకు కాలపరిమితి యుండవలెనను న్యాయము.

ఇటీవల రెండు తెలుగు రాష్ట్రములును ఈ ముడిని సడలింప జొచ్చినవి. తెలంగాణలో 2018 సవరణము, కొనినవాడును భూమిలేని బీదయైనచో నియమములకు లోబడి వానికే పట్టా నీయుటకు దావిచ్చినది. ఆంధ్రప్రదేశము 2023లో, ఇరువది యేండ్లు గడచిన అసైన్డు సాగుభూములకు అమ్ముకొను స్వాతంత్ర్యము గల్పించు సవరణము చేసినది. రక్షణ మెంతకాలము, స్వాతంత్ర్య మెప్పుడు అను ప్రశ్నకు రెండు ప్రక్కలను న్యాయము లేకపోలేదు. అమ్మనీయనిచో బీద యవసరమునకు బనికిరాని యాస్తి. అమ్మనిచ్చినచో నొక్క తరములోనే భూమి పోవు భయము.

ఇంతవఱకు జెప్పినదానినుండి మూడు సూత్రములు తేలుచున్నవి. షరతు వ్రాతలో నుండవలెనేగాని యూహింపబడరాదు. షరతు తప్పినంతమాత్రమున భూమి దానంతట మరలదు. నోటీసు, విచారణ, ఉత్తరువు ఆవశ్యకములు. కడపటిది, షరతు నెవరి మేలుకొఱకు పెట్టిరో, తప్పినపుడు భూమి వారినే చేరవలెను. ఈ మూడవదానిని మఱచిన ప్రత్యావర్తనము న్యాయము కాదు, అపహారమే. తామ్రశాసనముల చివర శాపములు వ్రాయించిన పూర్వులు భయపడినది యీ యపహారమునకే. శాపముల స్థానమున నిపుడు ప్రకరణములు వచ్చినవి. కాని వానిని గాపాడునది నేటికిని పట్టాలోని వాక్యమును సరిగా జదువగల కన్నే. పల్లెలో రైతు మొదట పట్టా తెచ్చి చూపునది బడిపంతులుకే గనుక, ఆ కన్ను పండితునికి ముందుగా నుండవలెను.